గాడీ ఎవరిది, హునర్ ఎవరిది, నసీబ్ ఎవరిది?



కార్ల రేసులు చూసేవాళ్ల మధ్య ఒక బహస్ ఎప్పటికీ తెగదు. గెలిచింది డ్రైవరా, గాడీనా, నసీబా? అమెరికాలో స్టాక్ కార్ రేసుల పిచ్చి ఉన్నవాళ్లు డెబ్బై ఏళ్లకు పైగా దీని మీదే గొంతులు చించుకుంటున్నారు. మన తిరుపతిలో బండ్లు రిపేరు చేసే పిల్లలు సెల్‌ఫోన్లో రేసు చూస్తూ దీని మీదే జిద్దుకు దిగుతారు. నేను రేసుల్లో మాహిర్‌ను కాదు. కానీ ఈ బహస్ విన్నప్పుడల్లా మన ఇళ్లలో రోజూ నడిచే మాటే నాకు వినిపిస్తుంది. పిల్లాడికి ర్యాంకు వస్తే 'దిమాగ్ ఉంది' అంటాం. రాకపోతే 'నసీబ్‌లో లేదు' అంటాం. ఆ రెండింటి మధ్య ఉన్న గాడీ సంగతి ఎవరూ ఎత్తరు. ఈ రోజు నా మాటంతా ఆ గాడీ గురించే.

పోయిన బక్రీద్‌కు మా ఇంట్లో దావత్. బిర్యానీ అయిపోయింది, దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, అందరం వరండాలో చేరాం. మా ఖాలా కొడుకు అమెరికాలో షార్లెట్ అనే ఊళ్లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఈద్ ముబారక్ చెప్పడానికి వీడియోలోకి వచ్చి, అక్కడి రేసుల కథలు మొదలుపెట్టాడు. స్టాక్ కార్ రేసులకు షార్లెట్ మర్కజ్. టీముల కార్ఖానాలు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, ఆ రేసుల హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఆ ఊళ్లోనే. ఇక్కడ మా మేనల్లుడు ఆటోనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర మెకానిక్. ఇంజిన్ మాట చెవిన పడితే వాడికి అన్నం కూడా గుర్తుండదు. ఇద్దరికీ అంటుకుంది.

"గాడీ మంచిదైతే గాడిదను కూర్చోబెట్టినా గెలుస్తాది మామూ," అన్నాడు మేనల్లుడు.

"అట్లయితే అదే టీమ్‌లో అదే గాడీ నడిపే రెండోవాడు ఎందుకు గెలవడు బేటా? హునర్ కావాల, హునర్!" అన్నాడు షార్లెట్‌వాడు.

మూలన పాన్ నములుతున్న మా చాచా ఇద్దరికీ కలిపి ఫైసలా చెప్పేశాడు. "సబ్ నసీబ్ కా ఖేల్ హై మియా. టైరు ఎవడిది ఎప్పుడు పగులుతాదో అల్లాకే తెలుసు."

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఎవరి నిజం ఎంతో తూచాలంటే నిజంగా జరిగిన రేసులు కొన్ని చూడాలి.

స్టాక్ కార్ అంటే అసలు మానీ షోరూమ్‌లో అమ్మే మామూలు కారు అని. నువ్వూ నేనూ కొనే కారుతోనే పోటీ పడితే, డ్రైవర్ హునర్ ఒక్కటే తేలుతుందని ఖయాల్. ఈ రేసులు నడిపే నాస్కార్ సంస్థ 1948లో పుట్టింది. మామూలు కార్లతో దాని మొదటి పెద్ద రేసు 1949 జూన్ 19న ఆ షార్లెట్‌లోనే జరిగింది. గ్లెన్ డనవే అనే అతను అందరికంటే ముందు వచ్చాడు. తర్వాత కారును తనిఖీ చేస్తే వెనక స్ప్రింగులు గట్టి చేయించి ఉన్నాయి. ఆ కారు అంతకుముందు దొంగసారా మోసిన బండి. బరువు పడినా వెనక కుంగకూడదు, మలుపులో ఊగకూడదు గదా. గెలుపు రద్దు చేసి జిమ్ రోపర్‌కు ఇచ్చారు. అంటే హునర్ ఒక్కటే తేలాలని పెట్టిన మొట్టమొదటి రేసులోనే లడాయి గాడీ దగ్గర మొదలైంది. మా మేనల్లుడికి ఇది చెప్తే తొడ కొట్టుకున్నాడు.

ఇప్పుడు చాచా మాటకు వద్దాం. నసీబ్ ఎంత పని చేస్తుందో చూపడానికి మన పక్క రాష్ట్రంవాడి కథ ఒకటి చాలు. కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్, ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు. 2005లో జోర్డాన్ టీమ్‌లో చేరాడు. అప్పటికి ఆ టీమ్ చివరి వరసలో ఈడుస్తున్న టీమ్. ఆ ఏడాది అమెరికాలో ఇండియానాపోలిస్ రేసు కూడా జూన్ 19నే పడింది. అక్కడి వాలు మలుపు వేగానికి మిషెలిన్ కంపెనీ టైర్లు తట్టుకోవని తేలింది. ఆ టైర్లున్న 14 కార్లు ట్రాక్ మీద ఒక్క చుట్టు తిరిగి, రేసు మొదలయ్యే ముందే పక్కకు తప్పుకున్నాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న 6 కార్లే మిగిలాయి. నారాయణ్ నాలుగో స్థానంలో వచ్చాడు, 5 పాయింట్లు దక్కాయి. ఫార్ములా వన్‌లో అతను మొత్తం 46 రేసులు నడిపితే, అతనికి వచ్చిన పాయింట్లు ఆ అయిదే.

'చూశావా, నసీబ్!' అంటారు. అవును, నసీబే. కానీ ఆ రోజు ఆ నసీబ్ ఎవరి ఇంటి తలుపు తట్టింది? ఆ ఆరు కార్లలో కూర్చుని ఉన్నవాళ్ల తలుపే. నారాయణ్ తండ్రి తానే ర్యాలీ చాంపియన్. శ్రీపెరంబుదూరు దగ్గర ట్రాక్ ఉంది. మారుతి 800 ఇంజిన్ పెట్టి తక్కువ ఖర్చులో రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ అదే కోయంబత్తూరువాడు. అబ్బాయి అక్కడి నుంచి ఫ్రాన్స్‌లో రేసింగ్ స్కూలుకు వెళ్లాడు, తర్వాత టాటా వాళ్లు వెనక నిలబడ్డారు. ఇవన్నీ ఉంటే తప్ప 2005 జూన్ 19న అతను ఆ సీట్లో ఉండడు. సీట్లో లేనివాడికి ఆ నసీబ్ తగిలేదే కాదు.

అమెరికాలో ఇంకో నమూనా. 2021 డేటోనా 500 రేసులో చివరి చుట్టులో ముందున్న ఇద్దరు ఒకరికొకరు తగిలి అదుపు తప్పారు. వాళ్ల వెనకే వస్తున్న మైకేల్ మెక్‌డవెల్ సందులోంచి బయటపడి గెలిచాడు. ఆ స్థాయిలో అతనికది 358వ రేసు, మొదటి గెలుపు. ముందువాళ్లు ఢీకొనడం అతని చేతిలో లేదు. కానీ 357 సార్లు ఓడినా ఎవరో ఒకరు అతనికి గాడీ ఇస్తూ వచ్చారు, అతను నడుపుతూ వచ్చాడు. మన పిల్లల్లో ఎంతమందికి మూడోసారి రాసేందుకు ఫీజు కడతాం? ఒకసారి తప్పితే 'నసీబ్ లేదు, షాపులో కూర్చోబెట్టండి' అంటాం. రేసులోంచి మనమే దింపేసి, తర్వాత నసీబ్‌ను తిడతాం.

ఇక షార్లెట్‌వాడి సవాల్. అదే గాడీలో రెండోవాడు ఎందుకు గెలవడు? ఇది చాలా మంచి సవాల్. ఎందుకంటే రేసుల్లో హునర్‌ను తూచే అసలైన తరాజు ఇదొక్కటే. ఒకే టీమ్, ఒకే రకం కారు, ఇద్దరు డ్రైవర్లు. వాళ్లిద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది. వేరే టీమ్‌వాడితో పోలిస్తే గాడీని గాడీతో పోల్చినట్టే.

ఈ తరాజుతో ఒక రోజు చూడండి. 2011 అక్టోబర్ 30, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడా, మన దేశంలో మొదటి ఫార్ములా వన్ రేసు. నారాయణ్ హెచ్‌ఆర్‌టీ అనే పేద టీమ్ కారులో 17వ స్థానంలో వచ్చాడు. అదే టీమ్, అదే కారు నడిపిన 22 ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు 18వ స్థానంలో వచ్చాడు. ఆ రోజు ఆ 18వవాడిని చూసి ఎవరైనా 'వీడికి హునర్ లేదు' అని ఉంటే బరాబర్ అనిపించేది. ఆ కుర్రాడి పేరు డేనియల్ రికియార్డో. 2014లో రెడ్ బుల్ కారు ఇచ్చారు. అదే ఏడాది కెనడాలో గెలిచాడు. మొత్తం 8 గెలుపులు. మూడేళ్లలో అతని కళ్లు మారలేదు, చేతులు మారలేదు. కొంత తజురుబా పెరిగింది, అసలు మారింది గాడీ.

దీన్ని బట్టి ఇద్దరూ సమానమని నేననడం లేదు. రికియార్డో నారాయణ్ కంటే పన్నెండేళ్లు చిన్నవాడు, అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాడు. నేననేది ఇంతే: చెడ్డ గాడీలో ఉన్నంతకాలం మంచి హునర్ కూడా 18వ స్థానంలో కూర్చుంటుంది, చూసేవాళ్లకు ఫర్క్ తెలియదు. నారాయణ్ సంగతే తీసుకోండి. 2019లో జపాన్‌లో ఫుజీ ట్రాక్ మీద జర్మన్, జపాన్ కార్లు కలిసి దౌడిన రేసులో మంచి హోండా కారు చేతికొచ్చింది. 42 ఏళ్ల వయసులో గెలిచాడు. హెచ్‌ఆర్‌టీ రోజుల్లో అతన్ని చూసి నవ్వినవాళ్లు ఆ రోజు ఎక్కడున్నారో తెలియదు.

ఫుజీలో దానికి ముందు రోజు రేసు గెలిచిన నిక్ కాసిడీని మన తెలుగువాళ్లు నాలుగేళ్లలోపే కళ్లారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన రోడ్ల మీదే ఫార్ములా ఈ రేసు జరిగింది. కరెంటు కార్ల పోటీ. మన ఆటోనగర్ పిల్లలు కొందరు రాత్రి బస్సెక్కి వెళ్లారు, మిగిలినవాళ్లు ఫోన్లలో చూశారు. ఆ రేసులో అందరికీ కారు చట్రం ఒకటే, బ్యాటరీ ఒకటే, టైర్లు ఒకటే. మోటారు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ లాంటివి మాత్రం కంపెనీలు సొంతంగా చేసుకుంటాయి.

ఆ రోజు మూడు చీజులూ ఒకేచోట కనిపించాయి. జాగ్వార్ టీమ్ మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు నిలబడి బయల్దేరాడు. గాడీ ఉంది, హునర్ ఉంది. హెయిర్‌పిన్ మలుపులో సొంత టీమ్‌వాడే సామ్ బర్డ్ లోపలి నుంచి దూసుకొచ్చి అతన్ని గుద్దాడు. ఇద్దరి రేసూ అక్కడే ఖతం. అదే జాగ్వార్ మోటారును కొనుక్కుని వాడుతున్న ఇంకో టీమ్ కాసిడీకి రెండో స్థానం వచ్చింది. అంటే సామాన్‌లో ఖరాబీ లేదు. మొదట వచ్చింది జాన్ ఎరిక్ వెర్న్. బ్యాటరీలో కరెంటు అయిపోవస్తుంటే, వెనక కాసిడీ తరుముతుంటే, చుక్క చుక్క లెక్కపెట్టి గీత దాటాడు. అది హునర్. మూడో స్థానంలో గీత దాటిన బుయెమీ అనుమతికి మించి పవర్ వాడాడని వెనక్కి నెట్టారు. అది ఇన్సాఫ్. సామాన్ దాదాపు సమానంగా ఉంటేనే ఇవన్నీ విడివిడిగా కంటికి కనబడతాయి. లేకపోతే అంతా కలగాపులగం.

నాస్కార్‌వాళ్లు కూడా ఈ సబక్ నేర్చుకున్నారు. 2022లో కొత్త రకం కారు తెచ్చారు. అంతకుముందు డబ్బున్న టీమ్ తన కార్ఖానాలో తానే చట్రం కట్టుకునేది. కొత్త కారుకు చాలా భాగాలు అందరూ ఒకే దుకాణంలో కొనాలి. ఆ ఏడాది ఏం జరిగింది? చాంపియన్‌షిప్ 36 రేసుల్లో 19 మంది వేరువేరు డ్రైవర్లు గెలిచారు. ఆ 19 మందికి హునర్ ఆ జనవరిలో ఆకాశం నుంచి రాలిపడిందా? ముందు నుంచీ ఉంది. దాన్ని కప్పేసిన గాడీ ఫర్క్ తగ్గింది.

కానీ ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 2022, 2023, 2024 మూడేళ్లూ చాంపియన్ మాత్రం ఒకే పెద్ద టీమ్ పెన్‌స్కీ నుంచే వచ్చాడు. ముక్కలు సమానమైనా మనుషులు సమానం కాలేదు. కొలతలు చూసే ఇంజనీర్లు, పది సెకన్లు అటూ ఇటూగా నాలుగు టైర్లు మార్చే కుర్రాళ్లు, 'ఇప్పుడు ఆగు, ఇప్పుడు పో' అని చెవిలో చెప్పే పెద్దమనిషి. గాడీ అంటే ఇనుము ఒక్కటే కాదు. చుట్టూ నిలబడి చెప్పేవాళ్లు కూడా గాడీలో భాగమే. మన పిల్లాడికి పుస్తకం కొనిస్తాం. ఏ కాలేజీకి ఎప్పుడు అప్లికేషన్ పెట్టాలో చెప్పేవాడు ఇంట్లో ఉన్నాడా? స్కాలర్‌షిప్ ఆఖరి తారీఖు ఎవరికైనా గుర్తుందా? చదువుకున్న ఇళ్లలో అది అన్నం తింటూ మాట్లాడుకునే మాట. మనకు అది తారీఖు దాటాక తెలిసే మాట.

ఇప్పుడు వెండెల్ స్కాట్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వర్జీనియాలో డాన్‌విల్ ఊరి నల్లజాతి మెకానిక్. టాక్సీ నడిపాడు, యుద్ధంలో సైన్యానికి బండ్లు బాగుచేశాడు, గ్యారేజీ పెట్టాడు. రేసు కార్లు తానే రిపేరు చేసుకునేవాడు, పాత కార్లు, పాత భాగాలు. కొడుకులే అతని టీమ్. అలాంటి సామాన్‌తో నాస్కార్ పెద్ద విభాగంలో 495 రేసులు నడిపాడు, 147 సార్లు మొదటి పదిమందిలో వచ్చాడు. 1963 డిసెంబర్ 1న ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ రేసులో రెండు చుట్ల తేడాతో గెలిచాడు. కానీ జెండా ఊపలేదు. రెండోవాడైన బక్ బేకర్‌ను విజేతగా ప్రకటించి ట్రోఫీ చేతికిచ్చారు. జనం అంతా ఇళ్లకు వెళ్లాక, లెక్కలో గల్తీ జరిగిందని ఒప్పుకున్నారు. స్కాట్ 1990లో పోయాడు. ఆ గెలుపుకు తగిన ట్రోఫీ 2021లో అతని ఖాందాన్ చేతికి వచ్చింది.

దీన్ని నసీబ్ అందామా? టైరు పగలడం నసీబ్. వాన రావడం నసీబ్. రెండు చుట్లు ముందున్న మనిషి కనబడకపోవడం నసీబ్ కాదు, అది మనుషులు చేసిన పని. నాఇన్సాఫీ చాలాసార్లు నసీబ్ వేషం వేసుకునే వస్తుంది. మనం పేరు అడగకుండా లోపలికి రానిస్తాం. 'క్యా కరే, నసీబ్' అని సబర్ చేస్తాం. సబర్ మంచిదే. కానీ ఎవరో చేసిన పనిని అల్లా మీద నెట్టేయడం సబర్ కాదు.

ఇక మన ఊరి సంగతి. మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట ఘాట్‌లోనో లారీ బోల్తా పడిందనుకోండి. తెల్లారి అందరి నోటా ఒకటే మాట: డ్రైవర్ నిర్లక్ష్యం. బ్రేకు లైనింగ్ ఎన్నాళ్ల కింద మార్చారు, లోడు ఎంత వేశారు, అతను ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టుకున్నాడు, ఇవి అడిగేవాళ్లు తక్కువ. ఓడిపోయినప్పుడు తప్పంతా డ్రైవర్‌ది. గెలిచినప్పుడు మాత్రం పెద్దవాళ్ల అబ్బాయి హునర్. తమాషా చూడండి, గాడీ రెండుసార్లూ మాయం.

ఆటోనగర్‌కు రండి. మా మేనల్లుడి ఉస్తాద్ స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. అంత హునర్ నేనెక్కడా చూడలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 బండ్లు వచ్చాయి. సెన్సార్లు, కంప్యూటర్. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే చెవికి ఏమీ వినబడదు. స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. మంచి స్కానర్ ఒక చిన్న గ్యారేజీకి భారం. దాన్ని వాడాలంటే ఇంగ్లీషు అక్షరం కావాలి. ఉస్తాద్ దగ్గరికి వచ్చే గిరాకీ కంపెనీ సర్వీస్ సెంటర్లకు పోయింది. జనం ఏమంటారు? 'ఉస్తాద్‌కు ఉమర్ అయిపోయింది, చేయి తప్పింది.' ఉస్తాద్ చేయి ఎక్కడికీ పోలేదు. రికియార్డోకు మంచి గాడీ దొరికింది, ఉస్తాద్ గాడీ పాతబడింది. ఇద్దరి కథా ఒకటే, దిశ వేరు.

అసలు మన చుట్టూ ఏముందో చూడండి. శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతాయి. చిన్నపాండూరులో అపోలో టైర్లు. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. అంటే గాడీకి కావలసిన ముక్కలన్నీ మన గల్లీ నుంచి రెండు మూడు గంటల లోపలే పుడుతున్నాయి. పదేళ్ల వయసు నుంచి పానా పట్టిన మన పిల్లాడు ఆ గేటు లోపల టెక్నీషియన్‌గా ఎందుకు లేడు? హునర్ లేక కాదు. పదో తరగతి మెమో లేక, ఐటీఐ సర్టిఫికెట్ లేక. ఆ ఒక్క కాగితమే వాడి గాడీ.

ఇంకో మాట. ఇది కొందరికి చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఒకే గాడీలో ఇద్దరిని కూర్చోబెట్టి తూచడం ఇన్సాఫ్ అన్నాం గదా. ఒకే ఇంట్లో అన్న, చెల్లి ఉన్నారు. జనం అనుకుంటారు, ఒకే అబ్బా, ఒకే అమ్మీ, ఒకే అన్నం, కాబట్టి ఒకే గాడీ అని. నిజమా? అన్నకు కోచింగ్, బండి, కొత్త ఫోన్. చెల్లికి అన్న వాడి పారేసిన పగిలిన ఫోన్. అన్న చదువుతుంటే 'శోర్ చేయకండి' అంటారు. చెల్లి పుస్తకం తీస్తే 'చాయ్ పెట్టు, మెహమాన్ వచ్చారు' అంటారు. కాలేజీ బస్సు దిగి గల్లీ దాకా నడిచే ఆ పావుగంట కోసం ఆమె చదువే ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఇంత ఫర్క్ పెట్టి, ఇద్దరికీ సమానంగా మార్కులు వస్తే 'ఇద్దరూ బరాబర్' అంటాం. హెచ్‌ఆర్‌టీ కారులో కూర్చుని రెడ్ బుల్‌తో సమానంగా వచ్చినవాళ్లను రేసు తెలిసినవాళ్లు బరాబర్ అనరు. నిలబడి సలామ్ చేస్తారు.

తఖ్దీర్ మాట తీసేయమని నేననను. తఖ్దీర్ మీద ఈమాన్ ఉన్నవాళ్లమే. కానీ ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అన్న సంగతి మన మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు. తాడు కొనివ్వడం తద్బీర్. తాడు ఇవ్వకుండా ఒంటె పారిపోయిందని పిల్లాడి నసీబ్‌ను తిట్టడం ఏ ఖాతాలోకి వస్తుంది?

కాబట్టి నేను మూడు పనులు చెప్తాను. ఇందులో ఏదీ కోట్ల ఖర్చు కాదు. ఒకటి, నాలుగైదు గ్యారేజీలు కలిసి ఒక స్కానర్ కొనుక్కునేలా మస్జిద్ కమిటీ ఖర్జె హసనా ఇవ్వొచ్చు. మస్తహిఖ్ అయినవాళ్లుంటే జకాత్‌లో పనిముట్లే ఇవ్వొచ్చు. రంజాన్ కిట్టు నెల రోజుల్లో ఖాళీ అవుతుంది, టూల్ కిట్టు పదేళ్లు నడుస్తుంది. రెండు, బడి మానేసి పానా పట్టిన పిల్లలను ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాలి, ఆ తర్వాత ఐటీఐ. ఉస్తాద్‌లు సాయంత్రం రెండు గంటలు వదిలితే చాలు. ఉస్తాద్‌ల దగ్గరికి మన పెద్దలు వెళ్లి అడిగితే కాదనరు. మూడు, ఇంట్లో ఆడపిల్లకు ఇచ్చిన గాడీ, మగపిల్లాడికి ఇచ్చిన గాడీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్, ఫీజు, బస్సు, చదువుకునే మూల, ఖాళీ సమయం. ఐదు లెక్కలు, ఐదు నిమిషాలు.

ఇవన్నీ చేశాక కూడా ఓడిపోయేవాళ్లు ఉంటారు. మిచ్ ఎవాన్స్‌కు అన్నీ ఉన్నా సొంతవాడే వచ్చి గుద్దాడు. అది నసీబ్, దానికి దువా చేద్దాం, ఇంకో రేసుకు పంపుదాం. హునర్ ఉన్నవాళ్లను మెచ్చుకుందాం, అది వాళ్ల హక్. కానీ ఇంకోసారి ఎవరి పిల్లాడి గురించైనా, పిల్ల గురించైనా 'నసీబ్‌లో లేదు' అనే మాట నోటి దాకా వస్తే, దానికంటే ముందు ఒక్క సవాల్ అడగండి. వాళ్లకు మనం ఏ గాడీ ఇచ్చాం?

ఖుదా హాఫిజ్.